మొదటి ఉతుకు దాకా ఆగాలి

ఎదురు షాపు అద్దం ముందు నిలబడినప్పుడల్లా ఆయన బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి తెచ్చి చిటికెడు గాలి పట్టుకునేవాడు. ప్యాంటు కాలు ఎంత మడవాలో చూసుకునేటప్పుడు గుడ్డను పట్టుకునే తీరు అది. అద్దం వెనక టీవీకి తగిలించి ఆడుకునే వీడియోగేమ్ పెట్టె, దాని మీద ధర చీటీ.

"ఇంకా దిగాలి," అనేవాడు.

ఆయన ఆల్టరేషన్ టైలరు. కొత్త బట్టలు కుట్టడు. ఎవరో కుట్టినవాటిని కురచ చేస్తాడు, వదులు చేస్తాడు. ఏ బట్టైనా మొదటి ఉతుకుకి ముడుచుకుంటుందనీ, ఉతక్కముందే కత్తెర పెట్టేవాడు తొందరపాటు మనిషనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని ధరలకు కూడా తొడిగాడు.

కూతురు మూడో తరగతిలో ఉండగా అడిగింది, ఇద్దరం కలిసి ఆడుకుందామని.

"కొందాం తల్లీ. మొదటి ఉతుకు కానీ."

ఏడాది తిరిగేసరికి ధర నిజంగానే దిగింది. ఆయన కాలరెగరేశాడు. తర్వాత ఇంకాస్త దిగింది. ఇక కొందామనుకునేసరికి పక్కన కొత్త మోడల్ వచ్చి కూర్చుంది. పాతది కొనడం వెర్రితనం. కొత్తది అప్పుడే కొనడం అంతకన్నా వెర్రితనం. మళ్ళీ చిటికెడు గాలి.

బావమరిది మాత్రం ఏ మోడలైనా వచ్చినరోజే కొనేవాడు.

"ఎంత తగలేశావు?"

"తగలేసి ఆడుకుంటున్నా బావా. నువ్వు ఆడేదేంటి?"

"నేను ఆడను. గెలుస్తాను."

ఏటా మడత విప్పి కూతురి గౌన్లు పొడుగు చేశాడు. విప్పడానికి మడతలు అయిపోయాయి. డిగ్రీ కూడా అయిపోయింది. వేరే ఊళ్ళో ఉద్యోగం. సోమవారం ప్రయాణం.

శనివారం మధ్యాహ్నం ఎదురు షాపాయన చీటీ పీకి ఇంకోటి అంటించాడు. టైలరు కత్తెర వదిలేసి రోడ్డు దాటాడు. పెట్టె పాతదే, వచ్చి ఏళ్ళయింది. ధర మాత్రం పెరిగింది.

"చీటీ తప్పు పడింది."

"తప్పేం లేదు మాస్టారూ. కంపెనీవాళ్ళే పెంచారు."

"పాతబడ్డాక పెరగడమేమిటి?"

"లోపలి చిప్పులు ప్రియమయ్యాయట."

"ఉతికితే సాగే గుడ్డ నేనెక్కడా చూళ్ళేదు."

"తీసుకెళ్ళి ఉతికితే కదా మాస్టారూ."

ఇంటికెళ్ళి ఈ అన్యాయాన్ని కూతురికి వివరించాడు. ఆమె సూట్‌కేసులో బట్టలు సర్దుకుంటోంది.

"పోనీలే నాన్నా. నేను మళ్ళీ వచ్చేసరికి దిగుతుందిలే."

వెక్కిరించి ఉంటే ఏదో ఒకటి అనేవాడు. ఆమె నిజంగానే ఓదారుస్తోంది. ఆయన చెప్పులేసుకుని మళ్ళీ రోడ్డు దాటాడు.

"ఇవ్వండి," అన్నాడు. బేరమాడలేదు.

షాపాయన పెట్టె కిందికి దించాడు. "పెట్టెతో చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్ ఒకటే వస్తుంది మాస్టారూ. రెండోదానికి ధర వేరే."

"రెండోది కూడా ఇవ్వండి."

ఆ సాయంత్రం తండ్రీకూతుళ్ళు కార్ల పందెం ఆడారు. మొదటి మలుపులోనే ఆయన కారు వెళ్ళి గోడకు గుద్దుకుంది.

"బ్రేకు నాన్నా, బ్రేకు నొక్కు."

"ఇన్నేళ్ళూ నొక్కింది అదేనే."

మర్నాడు పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చుని, మిగిలిన ప్యాంటు గుడ్డతో పెట్టెకు తొడుగు కుట్టాడు. కొలత అతికినట్టు సరిపోయింది. అయినా లోపల రెండు వేళ్ళ మడత వదిలాడు, వచ్చే మోడల్ ఇంకాస్త పెద్దదైతే విప్పుకోవచ్చని.