కట్ట కింద ఎవరూ లేరట

నాకు అక్షరాలు వచ్చింది తల నెరిశాక. వయోజన విద్య కేంద్రంలో పలక పట్టినప్పుడు, బస్సు బోర్డులు చదవగలిగితే చాలనుకున్నాను. నేను లేనని రాసిన బోర్డు చదవాల్సి వస్తుందనుకోలేదు.

ములకలపల్లి దాటి అడవి అంచుకు పోతే మా గూడెం. దానికి ఎగువన వాగుకు అడ్డంగా ఒక మట్టికట్ట ఉంది. సర్కారుది కాదు. పామాయిల్ తోట ఆసామి తన తోట నీళ్ల కోసం సొంతంగా పోయించుకున్నాడు. మట్టి సరిగా తడపలేదు, తొక్కించలేదు, ట్రాక్టర్లతో కుమ్మరించి పైపైన చదును చేయించాడు. కట్ట మీద తుమ్మలు మొలిచినా కొట్టించలేదు. ఎండ్రకాయలు బొక్కలు చేశాయి. మా ఇళ్లవైపు కట్ట అడుగున ఎండాకాలంలో కూడా బురదే. నీళ్లెక్కువైతే బయటికి పోవడానికి పక్కన అలుగు ఉంది కదా, ఇంకాస్త నీళ్లు ఆగుతాయని దానికీ ఇసుక బస్తాలు అడ్డం వేయించాడు.

నిరుడు వానలకు ముందు కట్ట మీద ఒక రేకు బోర్డు వెలిసింది. కూడబలుక్కుని చదివాను. కట్ట స్థితి: బాగాలేదు. ప్రమాద శ్రేణి: తక్కువ. నా చదువే తప్పేమోనని మళ్లీ చదివాను. తప్పు కాదు. నేరుగా తోట మేనేజర్ దగ్గరికి పోయాను.

"కట్ట బాగలేదని మీరే రాసిన్రు. మళ్ల ప్రమాదం తక్కువేంది?"

ఆయన నవ్వాడు. ఆ శ్రేణి కట్ట గట్టితనానికి ఇచ్చేది కాదట. కట్ట తెగితే కింద ఎంత నష్టం అన్నదానికి ఇచ్చేదట.

"కింద ఎవరూ లేరు గదవ్వా, గందుకే తక్కువ."

"నేనెవర్ని మరి? దయ్యాన్నా?"

"నన్నంటవేంది? ఆఫీసర్లొచ్చి చూసి రాసిన్రు."

వాళ్లు ఏం చూశారో మండలాఫీసుకు పోతే తెలిసింది. వాళ్లు బీడీలు చుట్టే తునికాకు కోతలప్పుడు వచ్చారు. ఆ రోజుల్లో పొద్దు పొడవకముందే పిల్లాజెల్లతో సహా అందరం అడవిలో ఉంటాం. మా ఇళ్లకు తాళాలుండవు. గడపకు అడ్డంగా ముళ్లకంప పెట్టి పోతాం. కంప ఉందంటే ఇంటోళ్లు బయటికి పోయారని అర్థం. మేక దూరదు, మనిషన్నవాడు దాటడు. వచ్చినవాళ్లు ఆ కంపలు చూసి, ఇవి పశువుల దొడ్లని రాసుకుపోయారు. లోపల పొయ్యి ఉందా, దండెం మీద చీర ఉందా అని ఒక్కడూ తొంగి చూడలేదు. అరుగు మీద తోమిన గిన్నెలు బర్రెలు బోర్లించాయనుకున్నారేమో.

ఆఫీసులో ఇంజనీరు మర్యాదస్తుడే, కుర్చీ వేయించాడు. మళ్లీ తనిఖీ జరిగితే గాని శ్రేణి మారదన్నాడు. ఎప్పుడు జరుగుతుందంటే, తక్కువ శ్రేణి కట్టలను తరచుగా చూడనక్కర్లేదట. కింద మేము లేమని రాశారు కాబట్టి రారు, రారు కాబట్టి మేము లేనట్టే ఉంటాం. కుర్చీలో కూచోబెట్టి చెప్పినా ఆ మాట నాకు మింగుడు పడలేదు.

వానలు ముదిరాయి. కట్ట అడుగున ఊట తేటగా వచ్చినన్నాళ్లు ఓర్చుకున్నాం. ఒకనాడు పొద్దున ఎర్రగా వచ్చింది. అట్లా వచ్చిందంటే లోపల మట్టి కోసుకుపోతున్నట్టే. గూడెమంతా కట్టెక్కి, అలుగుకు అడ్డంగా ఉన్న బస్తాలు లాగి పారేసింది. నీళ్లు పక్కకు మళ్లి మట్టం దిగింది. కట్ట నిలిచింది, దాని కింద మేమూ నిలిచాం. ఆసామి పెంచుకునే చేపలు మాత్రం కొన్ని కొట్టుకుపోయాయి.

మర్నాడే కానిస్టేబుల్ వచ్చాడు. తన కట్టను పాడుచేశామని ఆసామి ఫిర్యాదు ఇచ్చాడట. పేర్లు చెప్పమంటే అందరూ వెనక్కి జరిగారు. నేను ముందుకు పోయాను.

"నా పేరు ముందు రాయి బిడ్డా. ఇల్లు యాడ అని రాసేకాడ, కట్ట కింద అని సక్కగ రాయి."

"పేరు రాయొద్దని అందరు కాళ్లు పట్టుకుంటరు. నువ్వేందవ్వా, గిట్ల ఎగబడుతున్నవ్?"

"లేనోళ్ల మీద కేసెట్ల పెడ్తవ్? పెట్టినవంటే మేమున్నట్టే గదా."

అతను కలం జేబులో పెట్టుకుని మేనేజర్‌తో ఫోన్‌లో మాట్లాడాడు. తర్వాత, ఈసారికి వదిలేస్తున్నాం పొమ్మన్నాడు. మా మీద దయ కాదది. మేమున్నామని వాళ్ల చేత్తోనే రాస్తే శ్రేణి మారి, కట్ట బాగుచేయించాల్సి వస్తుందని మేనేజర్‌కు అర్థమైంది. కేసులోనైనా నా పేరు కట్ట కింద అని కాగితమెక్కుతుందనుకుంటే, అదీ ఎక్కలేదు.

అలుగుకు కొత్త బస్తాలు వచ్చాయి. బోర్డు మీద ఇప్పటికీ ప్రమాదం తక్కువ అనే ఉంది. నేను ఆఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా, ఈ ఎండాకాలంలో ఎవరైనా వచ్చి చూస్తారన్నారు. ఏ రోజో చెప్పలేదు.

అందుకే ఈ ఏడు నేను తునికాకుకు పోలేదు. గూడెంలో ఒక్క గడపకూ కంప పెట్టనివ్వలేదు. మేకలు దూరితే దూరనీ. పొద్దున్నుంచి పొయ్యిలో పచ్చికట్టెలు వేసి, పొగ కట్ట మీదికి కనబడేలా చూసుకుంటూ గుమ్మంలో కూచుంటున్నాను. ఇంట్లో మనిషి ఉందని తెలియడానికి ఈ వయసులో కూలి మానుకుని పొగలో దగ్గుతూ కూచోవాలి. కూచుంటాను. వచ్చినవాళ్లు నన్ను చూసి, బోర్డు మీద మాట మార్చేదాకా లేవను.