బాపు కొట్టి చూసిన కప్పులు

మంచిర్యాల దగ్గర బొగ్గుబాయిలో పనిచేసిన మా బాపు ఏ కొత్త గదిలోకి వెళ్లినా కర్రతో పైకప్పును కొట్టి వినేవాడు. బాయిలో కప్పు డొల్లగా మోగితే కూలుతుందని అర్థం.

సెలవులకు ఎప్పుడూ ఒకే సముద్రతీరపు ఊరికి వెళ్లేవాళ్లం. మొదట్లో దిగిన పెంకుటింటి దూలాన్నీ, తర్వాత అక్కడే కట్టిన లాడ్జి స్లాబునూ కొట్టి, “గట్టిగున్నది, సామాన్లు దించుండ్రి” అనేవాడు.

పోయినేడు అదే చోట లేచిన అద్దాల హోటల్లో ఫాల్స్ సీలింగును కొట్టాడు. డొల్లగా మోగింది.

“అది ఉత్త అట్ట బాపూ, పైన స్లాబుంది” అన్నాను.

“ఏదైతేంది? సామాన్లు ఎత్తుండ్రి.”

మరో మూడు హోటళ్లు చూశాం. అన్నిటా అదే మోత. చివరికి ఒడ్డున ఇసుకలో కూర్చున్నాడు. అలవాటుగా ఆకాశం వైపు కర్ర ఎత్తి, నవ్వి దించేశాడు.

“గీ ఊర్ల మనకు ఎరుకైన కప్పు గిదొక్కటే మిగిలింది బిడ్డా.”