రేకు వెనక పనస జిగురు

మా సాన సాయిబు గారు పోయారు. ఇప్పటికైనా నోరు విప్పి చెప్పేద్దామని మడత కత్తి సంచిలో వేసుకుని గవర్నర్‌పేట వెళితే, కొట్టు షట్టరు దించి ఉంది. పక్క టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ, "పదకొండు రోజులైందండీ. మీకు తెలీదా?" అన్నాడు. తెలీదు. మూడేళ్ళుగా నేను ఆ సందు మొహం చూస్తేగా.

ఒక మంచం పడితే మనిషికి చోటుండని కొట్టు అది. కత్తులు అమ్మేవారు, బాగుచేసేవారు, సాన పట్టేవారు. కత్తి ఎప్పుడిచ్చినా పిడి మనవైపు, మొన తనవైపు. నేను ఫిజిక్సు చెప్పి రిటైరైనదాన్ని. మడత కత్తి కొన్న రోజు నాకే పాఠం చెప్పారు. అలుగు, అంటే కోసే భాగం, తెరవగానే పిడి లోపలున్న సన్నటి ఉక్కు రేకు పక్కకు జరిగి దాని వెనక అడ్డంగా నిలబడుతుంది. అదే తాళం. మడవాలంటే దాన్ని బొటనవేలితో పక్కకి నెట్టాలి.

"టక్కుమంది కదా అని నమ్మకండి టీచరమ్మా. రేకు పూర్తిగా వచ్చి కూర్చుందో లేదో కంటితో చూడండి. వేళ్ళు దారిలో లేకుండా పట్టుకుని, అలుగు వీపు చెక్కకి ఆనించి నొక్కండి. లొంగిందా, ఇక దాంతో కోయొద్దు."

"ఇంత పరీక్ష నా పెళ్ళిచూపుల్లో కూడా పెట్టలేదండీ."

"మరి తర్వాత లొంగిందెవరమ్మా?" అన్నారు, తలెత్తకుండానే.

పదునెంత అని అందరూ అడుగుతారు, తాళం గట్టిదేనా అని ఒక్కరూ అడగరు అనేవారు. నేనూ అడగలేదు.

మూడేళ్ళ కిందటి వేసవిలో మైలవరం నుంచి మా చెల్లెలు పనసకాయ పంపింది. చేతులకి నూనె రాసుకున్నాను, కత్తికి రాయలేదు. తొనలు తీశాక నీళ్ళకింద ఒకసారి ఆడించి మడిచేశాను. రెండోరోజు గుమ్మడికాయలో మొన గుచ్చి నెట్టేసరికి, కత్తి వెనక్కి మడుచుకుని నా చూపుడు వేలి మీద మూసుకుంది. ముప్పైయేళ్ళు పిల్లల మీద ఆడించిన వేలు. మూడు కుట్లు.

కట్టుతోనే వెళ్ళాను, మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళిద్దర్ని వెంటేసుకుని. "వేళ్ళు తెగే కత్తులు అమ్మే బదులు షట్టరు దించుకోండి!" అని వీధంతా వినపడేలా అరిచాను.

ఆయన కత్తి అందుకున్నారు. మరలు విప్పి, రేకు వెనక సూది పెట్టి లాగారు. సూది మొన మీద పసుపుపచ్చటి జిగురు ముద్ద. పనస వాసన నాదాకా వచ్చింది. రేకు పూర్తిగా కూర్చోకుండా అడ్డుపడింది అదే. ఆయన చూశారు. నేనూ చూశాను. నేను చూశానని ఆయనా చూశారు. వెనక ఇద్దరాడవాళ్ళు నిలబడి ఉన్నారు. నా నోరు, ఎన్నడూ మూతపడనిది, ఆరోజు మూతపడింది.

సూదిని గుడ్డకి తుడిచి, "పొరపాటు నాదేనమ్మా, క్షమించండి" అన్నారు.

సాయంత్రానికల్లా ఆ కొట్టుకి వెళ్ళొద్దని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఎవరో కాదు, నేనే పెట్టాను. అందరూ మానేశారు.

వారం తర్వాత కత్తి వాచ్‌మన్ చేత పైకి వచ్చింది. ఆయనే తెచ్చి, కింద ఇచ్చి వెళ్ళిపోయారట. రేకు కొత్తది. అది పక్కకి నెట్టేచోట పిడిని చిన్న గుంటలా అరగదీశారు. కీళ్ళనొప్పుల బొటనవేలు జారకుండా. నా బొటనవేలు సంగతి ఆయనకి నేనెప్పుడూ చెప్పలేదు.

టీకొట్టు నుంచి ఇంటికొచ్చి అదే గ్రూపులో నిజం రాశాను. తప్పు కత్తిది కాదు, ఆయనదీ కాదు, నాది అని. నలుగురు దండం బొమ్మలు పెట్టారు. ఒకావిడ, "ఎవరండీ ఆయన?" అని అడిగింది.

అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు కత్తి తీసినప్పుడల్లా అలుగు వీపు చెక్కకి ఆనించి నొక్కి చూస్తాను. లొంగదు. ఇక మడవాలంటే ఆ గుంటలో వేలు పెట్టక తప్పదు. పెడతాను. సరిగ్గా సరిపోతుంది.