దొర శవం ముందు దెస్పినె అడిగిన మాట

గురియా కొండల్లో ఎవరింట చావు జరిగినా దెస్పినె రావాల్సిందే. ఆమె గొంతెత్తి ఏడిస్తే పగవాడి కళ్లు కూడా చెమర్చేవి. అలాంటి మనిషికి, దొర పోయాడన్న కబురు విన్నప్పటి నుంచి కాలు నిలవలేదు. పొయ్యి మీద జొన్న సంకటి మాడి కంపు కొడుతున్నా పట్టించుకోకుండా గుమ్మంలోకీ లోపలికీ తిరిగింది.

తిరగదూ మరి? ఏళ్ల కిందట ఆమె కూతురు కెసారియా, ఆమె ముద్దుల కెసో, పాలపళ్లైనా రాలని పసిది. ఎదిగాక పనికొస్తుందిలే అని దొర తన కూతురి పెళ్లిలో పరుపులతో, పళ్లేలతో పాటు దాన్నీ అరణంగా పంపేశాడు. కాళ్ల మీద పడితే, పండక్కి రప్పిస్తాలే అన్నాడు. ఎన్ని పండగలు వెళ్లిపోయాయో! బానిసకిచ్చిన మాట ఏ దొరకు గుర్తుంటుంది?

శవంతో మాట్లాడుతూ ఏడ్చే మనిషిని ఎవరూ ఆపకూడదు, ఆపితే పోయినవాడికి కీడు. ఆయన బతికుండగా నోరు పెగలనిది ఇప్పుడు అడిగెయ్యాలనుకుంది దెస్పినె.

దొర వాకిలి జనంతో కిక్కిరిసి ఉంది. జీను వేసిన ఆయన గుర్రాన్ని శవం పక్కనే నిలబెట్టారు. దెస్పినె జుట్టు విరబోసుకుని, చెంపలు రక్కుకుని, ముందు ఆయన గుర్రపుస్వారీని పొగిడింది, విందులను పొగిడింది. లేచి పోదామా అనిపించింది. పోలేదు.

"మాటిచ్చి పడుకున్నావా దొరా? నా కెసోని పండక్కి రప్పిస్తానన్నావే. ఆ మాట నెత్తినేసుకుని దేవుడి దగ్గరికి ఎట్టా పోతావయ్యా?"

వచ్చిన చుట్టాలందరూ దొర పెళ్లాం పెద్ద దొరసాని వైపు తిరిగారు. అంతమంది ఎదుట కాదనలేక, ఆవిడ మొహం గంటు పెట్టుకుని, "తీసుకుపోవే నీ పిల్లని. ఆయన్ని వదిలిపెట్టు" అంది.

అత్తారింటి నుంచి వచ్చిన దొర కూతురు చిన్న దొరసాని వెనక శాలువా పట్టుకుని నిలబడ్డ పడుచుపిల్లను ఎవరో ముందుకు తోశారు. అదే గడ్డం, అవే కనుబొమలు. దెస్పినె చేతులు చాచింది.

పిల్ల బెదిరిపోయి వెనక్కి తగ్గింది. చిన్న దొరసాని కాళ్లు చుట్టేసుకుంది.

"నేనేం తప్పు చేశానమ్మగారూ? ఈ ముసలామె ఎవరు? నన్ను ఈమెకి ఇచ్చెయ్యకండి."

మళ్లీ ఎవరికో ఇచ్చేస్తున్నారనుకుంది పిచ్చిపిల్ల. దెస్పినె చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి.