బావకు ఎడమవైపు

పొద్దున పనికి బయల్దేరినప్పుడు జీవన్ తన బావ ఉమామహేశ్వర్‌కు ఎప్పుడూ ఎడమవైపే నడుస్తాడు. నాచారం మెయిన్ రోడ్డు మీద తెలిసినవాళ్లెవరైనా మాటల్లో పడి ఇద్దరి మధ్యకు వస్తే, వెనక నుంచి తిరిగి వచ్చి మళ్లీ తన చోట నిలబడతాడు. ఉమామహేశ్వర్‌కు ఎడమవైపు నుంచి వచ్చే లారీ కనబడదు. ఆ కన్ను పోయి చాలా ఏళ్లయింది. పోగొట్టింది జీవన్ వేసిన బంతే.

అప్పటికి జీవన్ డిగ్రీలో చేరిన కొత్త. భువనగిరి నుంచి వచ్చి నాచారంలో అక్కాబావల ఇంట్లోనే ఉండేవాడు. బావ ఒక ఫ్యాక్టరీ వ్యానుకు డ్రైవరు. ఉప్పల్‌లో క్రికెట్ స్టేడియం లేచి ఎన్నో రోజులు కాలేదు. దేశానికి ఆడేవాళ్లు షేర్ ఆటో దూరంలోకి వచ్చేసరికి, ఆ బస్తీల్లో బంతి పట్టిన ప్రతివాడూ తన పేరు అక్కడ మైకులో వినబడుతున్నట్టే నడిచేవాడు. వాళ్లలో నిజంగా వేగమున్నది జీవన్‌కే. అతని కోచ్ సీతారామయ్య కాకినాడ నుంచి వచ్చి రామంతాపూర్‌లో స్థిరపడిన డ్రిల్లు మాస్టారు. "వీడు ఇండియాకి ఆడకపోతే ఆ పాపం నాదే" అనేవాడు అందరితోనూ.

ఒక ఆదివారం కార్ఖానాల వెనక సిమెంటు పిచ్ మీద ఆట. బావ సరదాకి బ్యాటు పట్టాడు.

"హెల్మెట్ పెట్టుకో బావా," అన్నాడు జీవన్.

"గీ బాల్‌కు హెల్మెట్ ఏంది బామ్మర్ది? సైకిల్ మీద ముసలాయన వచ్చినట్టు వస్తున్నది. జర జోర్‌గ ఎయ్యి!"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. జీవన్‌కు రోషం వచ్చింది. బంతిని బలంగా పిచ్ మధ్యలో నేలకేసి కొట్టాడు. సిమెంటు మీద అది లేచిన తీరు ఎవరికీ అంతుపట్టలేదు. బావ ముఖం తిప్పుకోలేకపోయాడు.

కంటి దవాఖానాలో డాక్టర్లు చేయగలిగింది చేశారు. చూపు దక్కలేదు. వ్యాను నడిపే పని పోయింది. నల్లద్దాలు వచ్చాయి. జీవన్ తన ఆట బూట్లు తీసుకుపోయి పాత సామాను గంపలో పడేస్తే, అక్క గౌతమి వాటిని తీసి తుడిచి మళ్లీ గుమ్మం దగ్గర పెట్టింది.

"తమ్మీ, నువ్వు ఆడకపోతే ఆయన కన్ను ఉత్తగనే పోయినట్టు గద," అన్నది.

బావ అదే మాట నవ్వుతూ అన్నాడు. "నువ్వు ఇండియాకు ఆడినవనుకో, నా కన్ను వీడే తీసిండని మస్తు గొప్పగ చెప్పుకుంట. లేకుంటే గల్లీల పోయిన కన్నే."

జీవన్ ఆడాడు. లీగుల్లో వికెట్లు తీశాడు. బంతులన్నీ నేరుగా బ్యాట్స్‌మన్ కాళ్ల దగ్గరే పడేవి. యార్కర్ల జీవన్ అని పేరు వచ్చింది. అది నేర్పు కాదనీ, భయమనీ సీతారామయ్యకు మాత్రమే తెలుసు. మధ్యలో పడి తల దాకా లేచే బౌన్సర్ వేయనివాణ్ణి పై మెట్టు ఎవరూ ఎక్కించరనీ తెలుసు.

ఒక ఏడు పరదేశపు జట్టు ఉప్పల్‌కు వచ్చింది. ప్రాక్టీసులో వాళ్లకు బంతులు వేసేందుకు కుర్రాళ్లు కావలసి వచ్చి, సీతారామయ్య జీవన్‌ను తీసుకెళ్లాడు. బతిమాలి బావనూ లోపలికి పంపించాడు. ఉమామహేశ్వర్ బ్యాట్స్‌మన్ వెనక, వల అవతల నిలబడ్డాడు. రాష్ట్ర జట్టు సెలెక్టరు కుర్చీ వేసుకుని చూస్తున్నాడు.

ఆ జట్టు కోచ్ చేయి ఛాతీ దాకా ఎత్తి చూపిస్తూ "షార్ట్, షార్ట్" అన్నాడు. జీవన్ యార్కరే వేశాడు. మళ్లీ యార్కరే.

"ఒరేయ్, ఆయన అడిగేది బౌన్సర్‌రా!" సీతారామయ్య దగ్గరికొచ్చి పళ్లు కొరికాడు. "సెలెక్టరు చూస్తున్నాడు. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ లేదు."

వల అవతల నుంచి బావ కేక వేశాడు. "ఎయ్ బామ్మర్దీ! ఆయనకు హెల్మెట్ ఉన్నది, ఫికర్ జేయకు!"

జీవన్ పరుగెత్తాడు. ఏళ్ల తరబడి చేతిలో అణచిపెట్టిందంతా ఆ బంతిలో వెళ్లిపోయింది. అది గడ్డాన్ని ఒరుసుకున్నట్టే లేచింది. బ్యాట్స్‌మన్ విల్లులా వెనక్కి వంగి తప్పించుకుని, మెచ్చుకోలుగా తల ఊపాడు. సెలెక్టరు లేచి నిలబడి, "ఎవరీ అబ్బాయి?" అని అడిగాడు.

జీవన్ ఆ మాట వినలేదు. బంతి వలకు కొట్టుకున్న చోటికి అవతల, బావ రెండు చేతులతో ముఖం కప్పుకుని నేల మీద ముడుచుకుపోయి ఉన్నాడు. నల్లద్దాలు గడ్డిలో పడి ఉన్నాయి.

ఉమామహేశ్వర్ తడుముకుంటూ అద్దాలు తీసి పెట్టుకున్నాడు. "ఏంది అట్ల సూస్తున్నవ్? చెమట తుడుసుకున్న. ఇంకోటి ఎయ్యి!" అన్నాడు.

జీవన్ బంతిని సీతారామయ్య చేతిలో పెట్టాడు. "నాతోని కాదు సార్."

"పిచ్చివాడా, నిన్ను తీసుకుంటారురా!"

"ఎరికే సార్."

తిరుగు దారిలో ఆటోలో బావ బతిమాలాడు, తిట్టాడు, చివరికి ఏడ్చాడు. "నన్ను సాకుగ పెట్టుకోకురా, నీకు దండం పెడత" అన్నాడు. నాచారంలో దిగాక రోడ్డు దాటుతూ, జీవన్ ఆ రోజే మొదటిసారి బావకు ఎడమవైపుకు వచ్చాడు.

తెలంగాణ వచ్చిన ఈ ఏడు కూడా ఇద్దరూ మల్లాపూర్‌లో ఒకే కార్ఖానాలో పనిచేస్తున్నారు. జీవన్ లేత్ మిషన్ మీద, ఉమామహేశ్వర్ ప్యాకింగ్‌లో.