కడిగేసిన పుండు

మోకాలి కింద కాలు తీసేయాలని సర్జన్ చెప్పి వెళ్లినప్పటి నుంచి, వార్డు గుమ్మంలో ఎవరి చెప్పుల చప్పుడు వినపడినా శంకరవ్వ కాలును దుప్పటి కిందికి లాక్కునేది. ఆమెది మంథని పక్క ఊరు. దొర పొలంలో నాటేస్తుంటే బురదలో గాజుపెంకు దిగిన మడమ, రెండేళ్లయినా మానలేదు. వాసన వస్తోందని తోటి కూలీలే ఆమెను సాలు చివరికి తోసేవారు. చెప్పుల్లేని కాలిని బురదలోకి దింపిన దొరను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

కరీంనగర్ ఆసుపత్రిలో కాలు కోయకుండా ఆగుదామన్నది దేవకి డాక్టరమ్మ ఒక్కతే. పుండులో ఊరే నీటిలో కొత్త కండను పెంచే పదార్థం ఉంటుందట. గాజు పళ్లెంలో పెంచిన చర్మకణాల మీద ఆ నీటిని వేసి, అవి ఎంత పెరుగుతాయో చూసి దాని సత్తువ కొలుస్తారట. సత్తువ ఉంటే కాలు ఉంచి మందులతో చూద్దామని సర్జన్‌ను ఒప్పించింది. నీరు చేరడానికి పుండు మీద ప్లాస్టిక్ పట్టీ అంటించి, "రేపు నేనే ఇప్పుత అవ్వా" అని వెళ్లింది.

తెల్లారేసరికి పట్టీ కింద పచ్చటి నీరు ఉబ్బింది. పక్క మంచం ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. శంకరవ్వకు ప్రాణం చచ్చిపోయింది. దొరసాని వాకిట నిలబడాలన్నా కాళ్లు కడుక్కుని వెళ్లిన మనిషి. ఇంత రోతతో డాక్టరమ్మ ముందు ఎట్లా కూర్చోవడం? కుళాయి దగ్గర పట్టీ లేపి, సబ్బు పెట్టి కడిగి, మళ్లీ అంటించుకుంది.

టీ తెచ్చిన ఆడబిడ్డ కమలవ్వ అది చూసి నెత్తి కొట్టుకుంది.

"గా నీళ్ల కోసమే గదనే వదినె ఆమె వచ్చేది! పారబోసినవా?"

"జర సేపట్ల మళ్ల ఊరదా?"

"ఊరనీకి చేదబాయా అది? నోరు మూసుకో. తెలిస్తే వెళ్లగొడుతది."

దేవకి సిరంజితో వచ్చింది. పట్టీ కింద పలచటి తడి. "గింతేనా?" అంటూ సూది దించబోయింది. ఆ తడిలో సత్తువ ఎక్కడిది? ఉత్త నీళ్లు కొలిచి కాలు కోసేస్తారు. చెబితే బయటికి గెంటుతారు. శంకరవ్వ సూదికి చెయ్యి అడ్డం పెట్టింది.

"తియ్యకు తల్లీ! అవి కుళాయి నీళ్లు. కంపు కొడుతదని నేనే కడిగిన."

"ఎవరు కడగమన్నరు?"

"ఎవ్వలూ అనలే. మీ అసొంటోళ్ల ముందట మురికితోని కూసుంటే తిట్టరా?"

దేవకి కొత్త పట్టీ వేసి సర్జన్ గదికి వెళ్లింది. అతని కేకలు వరండా దాకా వినిపించాయి. తిరిగొచ్చి, "రేపటి దాక ఆగుతడట. ఇగ ముట్టుకుంటే నేను గూడ ఏం జెయ్యలేను అవ్వా" అంది.

మధ్యాహ్నానికి వాసన మొదలైంది. "అబ్బ, కిటికీ తెరువుండ్రే!" అని పక్క మంచం ఆమె అరిచింది. శంకరవ్వ చెయ్యి పట్టీ దాకా పోయి ఆగింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది.

"కమలా," అంది మెల్లగా, "నీళ్లయితే ఊరుతున్నయే. వాటిల సత్తువ లేకుంటే?"

కమలవ్వ లేచి కిటికీ తెరిచి వచ్చి, వదినె పక్కనే కూర్చుంది.