‘దులుపు’ పాట మస్తానమ్మది

మస్తానమ్మ అక్క అస్తమించిందన్న వార్త సౌదీలోని హుఫూఫ్ బజారులో నిలబడి ఫోన్‌లో విన్నాను. గుండె ఆగిందట. అంత కసి నిండిన గుండె ఆగుతుందని నేనెన్నడూ అనుకోలేదు. కొన్న ఖర్జూరాలు కొట్టులోనే వదిలేసి ఆసుపత్రికి పరుగెత్తాను.

కుట్టుపని ఇప్పిస్తానని రాయచోటి ఏజెంటొకడు ఆమెను సౌదీకి పంపాడు. దిగాక చూస్తే ఇంటి చాకిరీ. “ఏ కష్టమొచ్చినా నేనుండా” అన్న ఆ పెద్దమనిషే, ఆమె తల్లి పోయిన రోజున, ఊరికి పంపేలా కఫీల్‌తో, అంటే పనిలో పెట్టుకున్న యజమానితో, మాట్లాడమని ప్రాధేయపడితే ఫోన్ పెట్టేశాడు. తల్లి కడచూపు ఆమెకు దక్కలేదు.

నేను ఎలక్ట్రీషియన్‌ని. ఆమె పనిచేసే ఇంటి మిద్దె మీద వైర్లు లాగుతూ ఆమెను తొలిసారి చూశాను. ఇసుకగాలి వెలిసిన ఉదయం. పిట్టగోడ మీద తివాచీ పరచి కర్రతో బాదుతోంది. రెండు దెబ్బలు, చిన్న విరామం, మళ్ళీ రెండు. ఆ దెబ్బలకు తగ్గట్టు పదం కడుతోంది.

“ఎవురిని కొడతాండావక్కా?” అన్నాను.

“నన్ను ఈడికి పంపినోణ్ణి తమ్ముడా. తివాచీ పాపం ఊరికే తింటాంది.”

ఫిలిప్పీన్స్ మిత్రుడి దగ్గర గిటారు నేర్చుకుని పాత రాక్ అండ్ రోల్ బాణీలు వాయించేవాణ్ణి. ఆ దెబ్బల్లో నాకు అదే లయ వినబడింది. శుక్రవారాల్లో ఆ ఇంటి మేడమ్ ఆమెను మా తెలుగు సూపర్‌వైజర్ భార్య దగ్గరికి పంపేది. సూపర్‌వైజర్ ఇంటి హాల్లో, నా గిటారుతో పాట పూర్తయింది.

“దులుపు దులుపు దుమ్ము దులుపు, దాక్కున్నోణ్ణి బయట నిలుపు” అని పల్లవి. చరణాలు నాలుగు. నాలుగోదాంట్లో ఏజెంటు పేరూ వీధీ ఉన్నాయి. తీసేద్దామన్నాను భయపడి.

“పేరు తీసేస్తే అది ఏడుపయితాది తమ్ముడా. నాకు ఏడుపొద్దు.”

మాకు తెలిసినంతలో ఈ గడ్డమీద పుట్టిన తొలి తెలుగు రాక్ అండ్ రోల్ పాట అదే. ఫోన్ నుంచి ఫోన్‌కు పాకి ఖఫ్జీ చమురు క్యాంపుల్లో, ఉనైజా ఖర్జూర తోటల్లో మార్మోగింది. మన ఊళ్ళలో పెళ్ళి బళ్ళకూ ఎక్కింది. అక్కడ దాన్ని పట్టుకున్నాడొక పేరున్న గాయకుడు. నాలుగో చరణం కోసేసి, మిగతాదాన్ని ప్రేమ పాటగా మార్చి, సొంత రచనని చాటుకున్నాడు.

అతడు దమ్మామ్‌లో కచేరీకి వచ్చినప్పుడు సూపర్‌వైజర్ దంపతులతో అక్క కూడా వచ్చింది. పాట మధ్యలో అతడు వేదిక దిగి, ఆడవాళ్ళ వరుసలో నవ్వుతూ ఆమె ముందే మైకు పెట్టాడు.

“నాలుగో చరణం పాడు నాయనా” అంది.

“ఉన్నవి మూడే కదమ్మా!”

“నీకు తెలిసినవి మూడు.” మైకు లాక్కుని అందుకుంది. క్యాంపుల నుంచి వచ్చిన వాళ్ళందరికీ అది కంఠస్థం. వేల గొంతులు ఏజెంటు పేరు పలికాయి. గాయకుడు నేల చూపులు చూశాడు. ఆ తర్వాత ఏ వేదిక మీదా ఆ పాట ముట్టలేదు. రాయచోటిలో ఆటోవాళ్ళు ఏజెంటు ఆఫీసు ముందే దాన్ని మోగించి మోగించి అతని బోర్డు దింపించారు.

“ఇంక మర్చిపోవచ్చు కదక్కా” అన్నాను ఒకసారి.

“దెబ్బ తిన్నోళ్ళు మర్చిపోరు. కొట్టినోళ్ళు మర్చిపోమంటారు” అంది.

మొన్న శవపేటిక రాయచోటి చేరింది. ఏజెంటు దండ పట్టుకుని గడప దాకా వచ్చాడట. అక్క కూతురు అడ్డం నిలబడింది. “మా యమ్మ సచ్చిపోయిందని నీ తప్పు సచ్చిపోదు. పో” అంది. గాయకుడేమో ‘నా పాటకు స్ఫూర్తినిచ్చిన తల్లి’ అని సంతాపం ప్రకటించాడు. ఆ మాటను మేము స్వీకరించడం లేదు.

అక్కా, నీకు అంజలి. ‘శాంతించు’ అని నిన్ను కోరను. నీ పగను మేము మోయగలం, ఆరనివ్వం. ఆ చరణం పాడటానికి నీ గొంతు మాత్రం ఇంకెవరికీ లేదు.